రహీం సాబ్ బడి: హైదరాబాద్ ఫుట్‌బాల్ స్వర్ణయుగం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

గడిచిన శతాబ్దం మధ్యకాలంలో పేరు మోసిన ఆటగాళ్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. విషయం చాలా పెద్దది. ఆ రోజుల్లో హాకీలో మనకు ఎదురులేదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఖాశాబా జాధవ్ కుస్తీలో కంచు పతకం తెచ్చాడు. మిల్ఖాసింగ్ 1960లో రోమ్‌లో వెంట్రుకవాసిలో పతకం పోగొట్టుకున్నాడు. రామనాథన్ కృష్ణన్ వరసగా రెండేళ్లు వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్లాడు. వీళ్లలో ఒక్కొక్కరి గురించి ఒక పూట మాట్లాడొచ్చు. అందరినీ తలా రెండు నిమిషాలు తలుచుకుని వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. అందుకే నా వృత్తికి దగ్గరగా ఉన్న ఒక్క కథే ఎంచుకున్నాను.

నేను బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు డ్రిల్లు మాస్టారు అనేవాళ్లు. ఈరోజు చెప్పబోయేది కూడా ఒక బడిపంతులు కథే. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పుకున్న మనిషి, భారత ఫుట్‌బాల్ జట్టును రెండుసార్లు ఆసియా విజేతగా నిలబెట్టాడు. ఒకసారి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో అందరూ రహీం సాబ్ అనేవాళ్లు.

ఈమధ్య హిందీలో ఒక సినిమా వచ్చాక ఆయన పేరు చాలామందికి తెలిసింది. సంతోషం. కానీ సినిమాలో నాయకుడు ఒక్కడే కనిపిస్తాడు. ఆ నాయకుడి వెనక ఒక ఊరు ఉంది, పోలీసు జట్టు ఒకటి ఉంది, ఎన్నో మైదానాలున్నాయి. అవి లేకుండా రహీం సాబ్ లేడు. ఆయన లేకుండా అవి అంత ఎత్తుకు వెళ్లేవీ కావు. ఈ రెండూ కలిసి ఎలా నడిచాయో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు ఊరి సంగతి. ఇవాళ హైదరాబాద్ అంటే క్రికెట్, బ్యాడ్మింటన్ గుర్తొస్తాయి. డెబ్భై ఏళ్ల కిందట ఈ ఊరి ఆట ఫుట్‌బాల్. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి వైపు బ్రిటిష్ కంటోన్మెంట్ ఉండేది. అక్కడ పటాలాల వాళ్లు సాయంత్రం పూట ఆడేవాళ్లు. చుట్టుపక్కల బస్తీల పిల్లలు గీత బయట నిలబడి చూసి, వాళ్లు వెళ్లిపోయాక అదే గ్రౌండులో ఉత్తి కాళ్లతో ఆడేవాళ్లు. పాతబస్తీ వైపు బార్కస్ ఉంది. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బుల వారసులు ఉండే పేట అది. అక్కడ ఇప్పటికీ ఫుట్‌బాల్ ఊపిరి పీలుస్తూనే ఉంది. ఊరి నడిమధ్యన ఫతే మైదాన్, అంటే మనం ఇవాళ ఎల్బీ స్టేడియం అంటున్న చోటు. తెలుగు, ఉర్దూ, తమిళం మాట్లాడే పిల్లలందరికీ ఆ మైదానాలే ఉమ్మడి జాగా. ఆ కాలపు జట్ల పేర్లు చదివితే అజీజుద్దీన్ పక్కన థంగరాజ్, నూర్ మహమ్మద్ పక్కన బలరాం కనిపిస్తారు. కావాలని ఎవరూ అలా కూర్చలేదు. ఊరు అలా ఉంది, జట్టూ అలాగే ఉంది.

ఇక పోలీసు జట్టు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అసలు కీలకం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతకడం అంటూ లేదు. నిబంధనల ప్రకారం అందరూ అమెచ్యూర్లే. ఆటకు జీతం లేదు. మరి పేదింటి కుర్రాడు పదహారేళ్లు వచ్చాక ఆట కొనసాగించాలంటే ఏం చేయాలి? అతనికి ఉద్యోగం కావాలి, ఆ ఉద్యోగం సాయంత్రం గ్రౌండుకు వెళ్లనివ్వాలి. హైదరాబాద్ సిటీ పోలీసు ఆ పని చేసింది. బాగా ఆడే కుర్రాడికి కానిస్టేబుల్ ఉద్యోగం, యూనిఫాం, నెలనెలా జీతం ఇచ్చింది. ఇంట్లో వాళ్లు కూడా "ఆటలు ఆడుకుంటూ చెడిపోతున్నాడు" అనడం మానేశారు. నార్బర్ట్ ఫ్రూవాల్ ఆ జట్టుకు మొదట్లో తర్ఫీదు ఇచ్చాడు. శివకుమార్ లాల్ అనే పోలీసు ఉన్నతాధికారి జట్టుకు అండగా నిలిచాడు. ఈ ఇద్దరి పేర్లూ మనం మర్చిపోకూడదు. అధికారి తలుచుకుంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే ఆటగాడు.

ఇలా నిలబడిన జట్టుకు రహీం సాబ్ కోచ్ అయ్యాడు.

ఆయన 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు, అక్కడే యూనివర్సిటీ జట్టుకు ఆడాడు. తర్వాత టీచరయ్యాడు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్, ఇవన్నీ ఆయన పనిచేసిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బళ్లలో ఆటల బాధ్యత తీసుకున్నాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుంచి చనిపోయేదాకా ఒకవైపు పోలీసు జట్టుకు, మరోవైపు భారత జట్టుకు కోచ్‌గా ఉన్నాడు.

(ఇక్కడ ఒక పక్క మాట. ఆ కాలపు హైదరాబాద్ ఆటలకు పెద్దదిక్కుగా ఉన్నవాళ్లలో ఎస్.ఎం. హాదీ ఒకరు. ఆయన 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడాడు. రంజీ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి సెంచరీ కూడా ఆయనదే. ఏడు ఆటలు ఆడతాడని "రెయిన్‌బో హాదీ" అని పిలిచేవాళ్లు. అలాంటి మనుషులు తిరిగిన ఊరిది.)

రహీం సాబ్ పద్ధతి గురించి నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, క్షమించండి. పతకాల సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. ఆయన నేర్పిన తీరు గురించి మాత్రం తక్కువమంది మాట్లాడతారు.

మన పిల్లలకు ఫుట్‌బాల్ ఇచ్చి వదిలేస్తే ఏం చేస్తారు? బంతి కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ పోతారు. చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. అప్పటి మన ఆటగాళ్లకు ఆ విద్య పుష్కలంగా ఉంది. ఉత్తి కాళ్లతో ఆడేవాళ్లు కాబట్టి బంతి మీద పట్టు అద్భుతంగా ఉండేది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడినప్పుడు, మనవాళ్ల పాదాల విన్యాసం చూసి ఇంగ్లీషువాళ్లు ముచ్చటపడ్డారు. కానీ ఆ మ్యాచ్ 2-1 తేడాతో ఓడిపోయాం. దొరికిన రెండు పెనాల్టీలూ వృథా అయ్యాయి.

రహీం సాబ్ హైదరాబాద్‌లో ఒక కొత్త రకం టోర్నమెంట్ పెట్టాడు. అందులో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని ఎదుటివాళ్లను తప్పించుకుంటూ పోవడం, చేయకూడదు. బంతి రాగానే ఇంకొకడికి పంపేయాలి. వినడానికి చిన్న నియమంలా ఉంటుంది. ఒక గంటసేపు పిల్లలతో ఆడించి చూడండి. బంతి వచ్చాక ఆలోచించే టైం ఉండదు కాబట్టి, రాకముందే తల ఎత్తి చూడాలి. ఎవడు ఖాళీగా ఉన్నాడు, ఎవడు పరిగెత్తుతున్నాడు అని ముందే లెక్క వేసుకోవాలి. బంతి లేనివాడు కూడా నిలబడటానికి వీల్లేదు, ఖాళీ జాగాలోకి కదలాల్సిందే. ఒక్క నియమంతో పదకొండుమందీ ఆలోచించడం మొదలుపెడతారు. ఇది నేను నా బడిలో చేసి చూశాను. మొదటి రోజు పిల్లలు విసుక్కున్నారు. నెల తిరిగేసరికి వాళ్ల ఆటే మారిపోయింది.

ఇంకో టోర్నమెంట్ బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలి. కుడికాలి వాటం వాళ్లు ఎడమకాలితో, ఎడమకాలి వాళ్లు కుడికాలితో. ఎందుకంటే ఎదుటి జట్టు డిఫెండర్ మొదట గమనించేది మన వాటమే. కుడికాలితోనే కొడతాడని తెలిస్తే ఆ వైపు మూసేస్తాడు. రెండు కాళ్లూ సమానంగా తిరిగే ఆటగాడి విషయంలో అతనికి ఆ లెక్క కుదరదు. యూరప్‌లో పెద్ద క్లబ్బుల్లో నేర్పే పాఠాన్ని, ఒక బడిపంతులు తన జీతంతో, తన సాయంత్రాలతో హైదరాబాద్‌లో నేర్పాడు.

ఆయన బాగా చదివేవాడు, గమనించేవాడు. ఆ రోజుల్లో జట్టు అమరిక అంటే వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు. వెనక ఇద్దరే ఉంటే గట్టి జట్ల ముందు నిలవలేమని ఆయన మూడో డిఫెండర్‌ను దించాడు. 1953లో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడాడు. అతన్ని ఎవరు పట్టుకోవాలో ఇంగ్లండ్ వాళ్లకు అర్థం కాలేదు. ఆ మర్మం మన రహీం సాబ్ పట్టుకున్నాడు. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ 4-2-4 అమరికతో, అంటే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురితో గెలిచి దానికి పేరు తెచ్చింది. అంతకుముందే మన జట్టు ఆ పద్ధతిలో ఆడిందని క్రీడా చరిత్ర రాసేవాళ్లు చెబుతారు.

ఫలితాలు చూడండి. బొంబాయిలో రోవర్స్ కప్ అని పెద్ద టోర్నమెంట్ జరిగేది. హైదరాబాద్ సిటీ పోలీసు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఆ కప్పు గెలిచింది. ఐదేళ్లూ ఇంకెవరికీ ఇవ్వలేదు. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్రప్రదేశ్ పోలీసు అని పేరు మారింది. ఆ పేరుతో 1961లో ఇంకోసారి గెలిచింది. మొత్తం లెక్క వేస్తే రోవర్స్ తొమ్మిది, డ్యూరాండ్ నాలుగు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57లో, 1957-58లో వరసగా రెండేళ్లు తెచ్చింది. కలకత్తాలో లక్షల అభిమానులున్న క్లబ్బుల మీద, కానిస్టేబుళ్ల జట్టు సాధించిన ఘనత ఇది. మన తెలుగు బడి పుస్తకాల్లో ఇది ఒక పాఠంగా ఎందుకు లేదో నాకు బాధ.

ఇప్పుడు భారత జట్టు సంగతికి వద్దాం.

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో గెలిచాం, గోల్ కొట్టినవాడు మేవాలాల్. కెప్టెన్ శైలేన్ మన్నా. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ లాంటి హైదరాబాద్ వాళ్లు ఆ బృందంలో ఉన్నారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లు కూడా కాలేదు. జనానికి ఎంత ధైర్యం ఇచ్చి ఉంటుందో ఊహించండి.

మరుసటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనమీద పది గోల్స్ కొట్టింది. మనకు అహ్మద్ ఖాన్ ఒక్కటి కొట్టాడు. 10-1. ఆ చలిలో, జారే నేల మీద మనవాళ్లు చాలామంది ఉత్తి కాళ్లతోనే ఆడారు. ఆ ఓటమిని కొందరు అవమానంగా చూస్తారు. నేను మలుపుగా చూస్తాను. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. పైగా అప్పట్లో మన దేశంలో మ్యాచ్ అంటే 70 నిమిషాలే. బయటి దేశాల్లో 90. చివరి ఇరవై నిమిషాల్లో మనవాళ్ల కాళ్లు పనిచేయకపోవడంలో ఆశ్చర్యమేముంది? రహీం సాబ్ నిరాశపడి కూర్చోలేదు. బూట్లతో ఆడే అలవాటు, దమ్ము, అమరిక, మూడింటినీ నాలుగేళ్లలో మార్చాడు.

నాలుగేళ్ల తర్వాత, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఇది కాస్త నెమ్మదిగా వినండి.

హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండ్ దాటాం. డిసెంబర్ 1న క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాతో పోటీ. 4-2తో గెలిచాం. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. ఏదో గాలివాటంగా గెలిచారని అక్కడివాళ్లు అనుకున్నారేమో, ఆ తర్వాత సిడ్నీలో ఇంకో మ్యాచ్ ఆడారు. దాన్ని మనవాళ్లు 7-1తో గెలిచారు. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా. నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన జట్టు మీద ఈసారి మొదటి గోల్ మనదే. నెవిల్ కొట్టాడు. ఆ తర్వాత వాళ్లు పుంజుకుని 4-1తో గెలిచారు. కంచు పతకం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడిపోయాం. నాలుగో స్థానం. ఇప్పటికీ ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే అత్యుత్తమం.

ఆ మెల్‌బోర్న్ బృందంలో హైదరాబాద్ నేల మీద ఎదిగిన వాళ్ల పేర్లు చెబుతాను: పీటర్ థంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం. ఒక దేశం జట్టులో ఒకే ఊరి వాళ్లు ఇంతమంది. దయచేసి ఈ పేర్లు ఇంటికెళ్లాక పిల్లలకు చెప్పండి.

థంగరాజ్ మన హైదరాబాద్‌లో పుట్టిన తమిళుడు. చిన్నప్పుడు ఇక్కడి క్లబ్బుల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాడు. మద్రాస్ రెజిమెంట్‌లో చేరాక గోల్‌కీపర్ అయ్యాడు. మంచి పొడగరి. ఆ రెజిమెంట్ 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ గెలిచింది. 1958లో ఆసియాలోనే ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యాడు. గోల్స్ కొట్టిన అనుభవం ఉన్నవాడికి, ఎదుటివాడు ఎటు కొడతాడో ముందే పసిగట్టడం సులువై ఉంటుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

బలరాం గురించి చెప్పకుండా ఈ ఉపన్యాసం పూర్తి కాదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబం. కంటోన్మెంట్ ఆటలు చూస్తూ పెరిగాడు. రహీం సాబ్ ఆ కుర్రాడి ఆట చూసి సంతోష్ ట్రోఫీ శిక్షణ శిబిరానికి రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ దాకా రోజూ రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. రహీం సాబ్ సైకిల్ అద్దెకు డబ్బులిచ్చాడు. ఈ సంగతి బలరామే ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు. సైకిల్ అద్దె ఎంత? చాలా చిన్న మొత్తం. ఆ కాస్త డబ్బు లేకపోతే ఆ కుర్రాడు అమ్ముగూడలోనే ఉండిపోయేవాడు. మన పల్లెల్లో, బస్తీల్లో ఇవాళ కూడా బస్సు చార్జీ లేక కోచింగ్ మానేసిన పిల్లలున్నారు. నా ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయులకు నేను చెప్పక్కర్లేదు.

ఆ సైకిల్ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ వెళ్లాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. హంగరీ అంటే ఫ్లోరియన్ ఆల్బర్ట్ లాంటి మేటి ఆటగాడు ఆడిన జట్టు. వాళ్లతో 2-1 తేడాతోనే ఓడాం. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేశాం. ఆ మ్యాచ్‌లో మొదట గోల్ కొట్టింది మన పీకే బెనర్జీ. చివర్లో ఫ్రాన్స్ సమం చేసింది. పతకం రాలేదు, మొదటి దశలోనే బయటికి వచ్చేశాం. అయినా కొంతమంది పాతకాలపు వాళ్లు రోమ్‌లో ఆడిన ఆటే అన్నిటికన్నా గొప్పదంటారు. నాదీ అదే అభిప్రాయం. యూరప్ జట్లతో సమ ఉజ్జీగా నిలిచాం. హెల్సింకీ నుంచి రోమ్‌కు ఎనిమిదేళ్లు. తొమ్మిది గోల్స్ తేడా నుంచి ఒక్క గోల్ తేడాకు వచ్చామంటే దాని వెనక ఎంత పని ఉండాలి!

చుని గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం. ముగ్గురినీ కలిపి చెప్పడం అప్పటి అలవాటు. మొదటి ఇద్దరికీ బెంగాల్‌లో విగ్రహాలకు దక్కినంత గౌరవం దక్కింది. మూడోవాడు మన ఊరివాడు. మనం ఏం చేశాం?

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు.

అప్పటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. దగ్గు, ఆయాసం. అయినా వెళ్లాడు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచాం గానీ, మన ప్రధాన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు పెద్ద దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2. గోల్‌కీపర్ థంగరాజ్ జ్వరంతో పడుకున్నాడు, అతని బదులు ప్రద్యుత్ బర్మన్ ఆడుతున్నాడు.

బయట పరిస్థితి ఇంకా ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. ఆసియా క్రీడల సమాఖ్యలో ఉన్న మన అధికారి జి.డి. సోంధి, ఇలాగైతే వీటిని ఆసియా క్రీడలు అనకూడదని వాదించాడు. దానితో జకార్తా జనం మనమీద రగిలిపోయారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. మన ఆటగాళ్లు బస్సులో వెళ్లాలంటే భయపడే స్థితి. సెప్టెంబర్ 4న ఫైనల్. సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది. మన జాతీయ గీతం వస్తుంటే గోల చేశారు. ఎదురుగా మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన అదే దక్షిణ కొరియా.

ఇలాంటి చోట కోచ్ ఏం చేస్తాడు? నేను ఈ రాత్రి గురించి ఎంతో ఆలోచించాను. చాలామంది జాగ్రత్తగా ఆడండి, గోల్ ఇవ్వకండి అంటారు. రహీం సాబ్ రెండు సాహసాలు చేశాడు. ఒకటి, తలకు కుట్లున్న జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. జర్నైల్ తన కాలేజీ రోజుల్లో ముందు వరసలో ఆడినవాడని ఆయనకు తెలుసు. రెండోది, జ్వరం నుంచి లేచిన థంగరాజ్‌ను మళ్లీ గోల్‌లో నిలబెట్టాడు. కొరియావాళ్లు ఎత్తు బంతులు వేస్తారు, వాటిని అందుకోవడానికి పొడగరి కావాలి. ఫైనల్ ముందు ఆటగాళ్లను కూర్చోబెట్టి, రేపు నాకు మీ దగ్గర్నుంచి ఒక కానుక కావాలి, అది బంగారు పతకం అని అడిగాడట. ఆయన ఆరోగ్యం ఎలా ఉందో ఆ కుర్రాళ్ల కళ్ల ముందే కనిపిస్తోంది. ఆ మాట వాళ్ల గుండెలో ఎలా దిగి ఉంటుందో నేను మాటల్లో చెప్పలేను.

పదిహేడో నిమిషంలో పీకే గోల్ కొట్టాడు. ఇరవయ్యో నిమిషంలో జర్నైల్ కొట్టాడు. తల మీద కుట్లున్న ఆ జర్నైలే! చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1తో బంగారం మనది. లక్షమంది తిడుతున్న ఆ స్టేడియంలో మనకోసం అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టు ఆటగాళ్లు ఉన్నారని మన ఆటగాళ్లు తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది.

ఆ తర్వాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత బంగారం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కంచు వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ కూడా మన హైదరాబాద్ వాడే, సయ్యద్ నయీముద్దీన్.

ఎందుకు ఆగిపోయింది అని అందరూ అడుగుతారు. కలకత్తా క్లబ్బులు మన ఆటగాళ్లను ఎత్తుకుపోయాయి అని ఒక సమాధానం ఉంది. నేను ఒప్పుకోను. అంతకుముందు కూడా మనవాళ్లు వెళ్లారు. ఈస్ట్ బెంగాల్ ముందు వరస ఐదుగురిని పంచ పాండవులు అనేవాళ్లు. అందులో ఆంధ్రా నుంచి వెళ్లిన అప్పారావు ఒకడు. బలరాం వెళ్లాడు, అహ్మద్ హుస్సేన్ వెళ్లాడు. రహీం సాబ్ ఉన్నన్నాళ్లూ ఒకడు వెళితే ఇద్దరు తయారయ్యేవాళ్లు. అరవైల్లో హబీబ్, నయీం వెళ్లారు. హబీబ్ 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్ 2-2. అంటే అప్పటికీ ఈ నేలలో సారం ఉంది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది.

నా దృష్టిలో ఆగిపోయింది కింద. బడి పిల్లల కోసం టోర్నమెంట్లు పెట్టే మనిషి పోయాడు. ఆటను చూసి ఉద్యోగం ఇచ్చే అలవాటు మెల్లగా తగ్గింది. కంటోన్మెంట్ చుట్టూ, బస్తీల మధ్య ఉన్న ఖాళీ జాగాల్లో ఇళ్లు, దుకాణాలు వచ్చాయి. అమ్ముగూడ కుర్రాడికి ఆట చూడటానికి ఒక గ్రౌండ్, పిలవడానికి ఒక మాస్టారు, చేరడానికి ఒక జట్టు, చివరికి ఒక ఉద్యోగం వరసగా దొరికాయి. ఆ నాలుగింట్లో ఏ ఒక్కటి తెగినా బలరాం లేడు. మనకు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి తెగిపోయాయి. ప్రతిభ తగ్గిపోయిందనే మాట నేను నమ్మను. పిల్లలు అప్పుడూ ఇలాగే ఉన్నారు, ఇప్పుడూ ఇలాగే ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా వాళ్ల మధ్య తిరిగిన మనిషిగా చెబుతున్నాను.

అందుకే యువ క్రీడాధికారులు ఎవరైనా వింటుంటే ఒక మాట. పెద్ద స్టేడియం కట్టే ముందు, మండలానికి ఒక డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్ పెట్టండి. ఖర్చు బంతులకే. పదిమంది పీఈటీలకు ఆ బాధ్యత అప్పగించి, వాళ్లను వేరే డ్యూటీలకు పంపకుండా సాయంత్రాలు గ్రౌండులో ఉండనివ్వండి.

ఆ తరం ఇప్పుడు దాదాపు వెళ్లిపోయింది. థంగరాజ్ 2008లో పోయాడు. జుల్ఫికరుద్దీన్ 2019లో పోయాడు. అహ్మద్ హుస్సేన్, రహీం సాబ్ కొడుకు ఎస్.ఎస్. హకీం ఇద్దరూ 2021లో పోయారు. హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ బృందంలో ఉన్నవాడు, తర్వాత అంతర్జాతీయ రిఫరీగా పనిచేశాడు. బలరాం, హబీబ్ 2023లో ఆరు నెలల తేడాతో పోయారు. బలరాం చివరిదాకా బెంగాల్‌లోనే ఉత్తర్‌పారాలో ఉన్నాడు.

కానీ ఫతే మైదాన్‌లో వాళ్ల ఆట కళ్లారా చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ హాల్లోనే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు పెద్దలు నాకు కనిపిస్తున్నారు. ఇళ్లల్లో పాత ఫోటోలు, మ్యాచ్ టికెట్లు, ఉర్దూ పత్రికల కత్తిరింపులు ఉండి ఉంటాయి. మనవళ్లు, మనవరాళ్లు వాటిని సెల్‌ఫోన్లో ఫోటో తీసి దాచండి. ఫోటోలో ఎవరెవరు ఉన్నారో తాతగారిని అడిగి పేర్లు రాసిపెట్టండి, ఈ వారంలోనే.

నేను చదివినదీ, విన్నదీ చెప్పాను. చూసినవాళ్లు చెప్పేది వేరు. మైకు ఇప్పుడు వాళ్లకు ఇస్తున్నాను. అయ్యా, రండి, మొదట మీరే చెప్పండి.